నూకంత ఇసుక

మా తోడల్లుడిని నేను "అన్నయ్యా" అని పిలవడం మానేసి ఆరేళ్ళు దాటింది. తప్పనిసరై పిలవాల్సి వస్తే "ఇదిగో" అనేవాణ్ణి. అతను మాత్రం నన్ను "తమ్ముడూ" అనడం మానలేదు. ప్రేమ అనుకునేరు! ఆ ఒక్క మాటలో నా చదువునీ, నా పనినీ, నా ముఖాన్నీ, నేను ఆ ఇంటికి చిన్నల్లుణ్ణి కావడాన్నీ అన్నిటినీ కలిపి తిట్టేవాడు. అది కూడా నలుగురూ ఉన్నప్పుడే.

మేమిద్దరం ఒకే మైదానంలో పనిచేసేవాళ్ళం. మాకు ముందు అది మా మామగారి చేతిలో ఉండేది. ఆయనకి కొడుకుల్లేరు, ఇద్దరు కూతుళ్ళు. పెద్దమ్మాయిని రోలరు తోలే అతనికిచ్చారు, చిన్నమ్మాయిని గడ్డి కోసే నాకిచ్చారు. పని నుంచి దిగిపోయే రోజున సున్నం డబ్బా పట్టుకొచ్చి మైదానం నడుమ నలుచదరంగా గీత గీశారు. గీత లోపల క్రికెట్ పిచ్, అది పెద్దల్లుడిది. గీత బయట గడ్డంతా, ఇటు ఫుట్‌బాల్ గోలు నుంచి అటు గోలు దాకా, నాది.

"ఒకడి నేలలో ఇంకొకడు పనిముట్టు దించకూడదు. పార కాదు, గుండుసూది కూడా దించకూడదు," అన్నారు. "ఈ మైదానంలో పనిచేసినన్నాళ్ళూ ఇది తప్పినవాడు నా అల్లుడు కాడు."

ఆయన పోయి తొమ్మిదేళ్ళయినా ఆ హద్దు మేం దాటలేదు. మంచితనం వల్ల కాదు. అవతలివాడు ఎప్పుడు దాటుతాడా, ఎప్పుడు పట్టుకుందామా అని ఇద్దరం కాచుకుని కూర్చున్నాం, అంతే.

అసలు మా రెండు పనులకే పడదు. పిచ్ అంటే బండలా ఉండాలి, నీటి చుక్క దిగకూడదు. గడ్డినేల అంటే తాగాలి. వాన వెలిసిన గంటలో నీళ్ళన్నీ గడ్డి మొదళ్ళలోంచి ఇసుకలోకి, ఇసుకలోంచి కంకరలోకి, అక్కణ్ణుంచి అడుగున ఉన్న పైపుల్లోకి ఇంకిపోవాలి. అతను రోజంతా నేలని అణిచేవాడు, నేను రోజంతా నేలకి చిల్లులు పొడిచేవాణ్ణి. అతన్ని అందరూ రోలరు అనేవాళ్ళు. నన్ను గడ్డి అనేవాళ్ళు. "గడ్డి ఏడీ?" "అన్నం తింటున్నాడు." "గడ్డి అన్నం తినడమేంటి!" ఇరవై ఏళ్ళుగా ఇదే జోకు. మొదట వేసింది ఎవరో వేరే చెప్పాలా? మా తోడల్లుడే.

నేల తాగాలంటే ఏటా సీజను అయిపోగానే పైన ఒక పొర ఇసుక చల్లాలి. ఆ ఇసుక వరినూక అంత ఉండాలని మామగారి లెక్క. చెవి దగ్గర పెట్టుకుని రెండు వేళ్ళ మధ్య నలిపితే గరగరమనాలి. ఆయన తర్వాత ఆ పని పెద్దల్లుడు పట్టుకున్నాడు. లారీ గేటు దగ్గర ఆగగానే వెళ్ళి, చిటికెడు తీసి చెవి దగ్గర నలిపి, పొయ్యమనో తిప్పుకు పొమ్మనో చెప్పేవాడు. నా నేల మీద చల్లే ఇసుకకి అతని పెత్తనం!

ఆరేళ్ళ కిందట ఒకరోజు నేనూ చిటికెడు తీసి చెవి దగ్గర నలిపాను. "బాగుంది, పోయించండి," అన్నాను. అతను నవ్వాడు. లారీవాడి ముందు, నా కింద పనిచేసే వాళ్ళ ముందు, కడుపు పట్టుకుని నవ్వాడు.

"గాడిదకేం తెలుసు తమ్ముడూ గంధపుచెక్కల వాసన?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ లారీని నేనే తిప్పి పంపేశాను. మర్నాడు నేనే వెళ్ళి వేరే ఇసుక తెచ్చాను, గోడలకి పూత పూసేది. పిండిలా, ముట్టుకుంటే హాయిగా ఉంది. చల్లితే గడ్డి మీద చాప పరిచినట్టు పరుచుకుంది. వారం రోజులు మైదానమంతా మెరిసింది. అతని ముందు నుంచి చేతులు వెనక్కి కట్టుకుని పనిలేకపోయినా నాలుగుసార్లు నడిచాను. అతను ఒక్క మాట అనలేదు, ఊరికే చూశాడు. మరుసటి ఏడాది ఆ పిండి ఇసుక చల్లే యంత్రంలో ముద్దకట్టి ఇరుక్కుంటే, నోరు మూసుకుని పాత ఇసుకకే వచ్చాను. ఎందుకు మార్చావని ఎవరూ అడగలేదు. కొన్నాళ్ళకి నేనూ మర్చిపోయాను. మర్చిపోవాలనుకున్న మనిషికి ఎంతసేపు!

మైదానంలో నీళ్ళు నిలవడం మొదలైంది ఆ తర్వాతే. మొదట రోలరు దారిలో. షెడ్డు నుంచి పిచ్ దాకా ఆ రోలరు నా గడ్డి మీదుగానే వెళ్ళాలి. ఆ దారి కూడా మామగారే వదిలారు. టన్నుల బరువు రోజూ పోయి వస్తుంటే నేల గట్టిపడదా? గట్టిపడితే నీళ్ళు దిగుతాయా? చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు. నేను ప్రతి వానకీ మైదానం సెక్రటరీ దగ్గరికి వెళ్ళి చెప్పాను. రెండేళ్ళు పోయాక నీళ్ళు దారి దాటి పక్కకి పాకాయి. అది కూడా ఆ దారి వల్లే అన్నాను. ఎక్కడ తడి కనబడితే అక్కడ రోలరు పేరు చెప్పాను. నేను గట్టిగా నమ్మాను కూడా. నచ్చనివాడి మీద నేరం నమ్మడానికి సాక్ష్యం ఎందుకు?

మొన్నటి సీజనులో పెద్ద మ్యాచ్ ఒకటి నీళ్ళ వల్ల రద్దయింది. వాన పొద్దున్నే ఆగిపోయింది, మధ్యాహ్నం దాకా నీళ్ళు కదల్లేదు. సెక్రటరీ మా ఇద్దర్నీ ఆఫీసుకి పిలిచాడు. ఎండైనా వానైనా, ఆఖరికి వరండాలో కూడా, గొడుగు విప్పుకుని తిరిగే మనిషి. ఆ రోజు గొడుగు మూసి బల్ల మీద పెట్టాడు.

"మీ ఇద్దరి గోల విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి. ఒకరి తప్పు ఉంది. పరీక్ష చేయిస్తాను. తప్పెవరిదని తేలితే వాళ్ళు పని వదిలెయ్యాలి, ఇల్లు కూడా ఖాళీ చెయ్యాలి. మిగిలినవాడు మొత్తం చూసుకుంటాడు."

ఇల్లు అన్నాడు చూశారా, అదీ అసలు మాట. షెడ్డు వెనక ఒకే కప్పు కింద రెండు వాటాలు. ఒకటి మాది, ఒకటి వాళ్ళది, మధ్యలో ఒక్క గోడ. మగాళ్ళం ముఖాలు చూసుకోకపోయినా ఆడవాళ్ళిద్దరూ ఆ గోడ మీద గరిటెతో తట్టి మాట్లాడుకునేవాళ్ళు. రెండు తట్లంటే బయటికి రా అని, మూడంటే ఆయన ఇంట్లో ఉన్నాడు తర్వాత వస్తానని. ఆ మూడు తట్లూ ఎప్పుడూ నా గురించే.

సెక్రటరీ మాట చెప్పగానే మా ఆవిడ గిన్నె కింద పడేసింది.

"మీరూ బావా కొట్టుకు చావండి, నాకనవసరం. మా అక్కని మాత్రం ఈ గోడ అవతల నుంచి కదిలించారో, నేను మనిషిని కాను, ముందే చెప్తున్నా."

"మీ అక్కని నేనెందుకు కదిలిస్తానే? మీ బావ చేసిన పనికి ఆవిడ కదులుతుంది," అన్నాను. నిజం చెప్పొద్దూ, ఆ మాట అనేటప్పుడు నా కడుపు చల్లగా ఉంది. ఆ అవతలి వాటా ఖాళీ అయితే రోలరు గొంతు వినబడదు. "తమ్ముడూ" అనేవాడు ఉండడు. నాకు కావలసింది అదే.

పరీక్షకి ఒకావిడ వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, బూట్లు మోకాళ్ళ దాకా. మట్టి డాక్టరమ్మ అని పేరు పెట్టాం. ఆవిడ దగ్గర రెండు ఇనుప చుట్లు, ఒకదాని లోపల ఒకటి. వాటిని నేలలోకి సుత్తితో దింపి, రెండింట్లోనూ నీళ్ళు పోసి, లోపలి చుట్టులో నీళ్ళు గంటకి ఎంత దిగాయో స్కేలు పెట్టి చూస్తుంది. పనల్లా అదే.

"ఆరు చోట్ల చూస్తాను," అంది. "మూడు రోలరు దారిలో, మూడు రోలరు ఎప్పుడూ వెళ్ళని చోట. దారిలో మాత్రమే ఇంకకపోతే తప్పు రోలరుది. ఆరుచోట్లా ఇంకకపోతే తప్పు గడ్డినేలది, అంటే దాన్ని చూసుకునేవాళ్ళది. జెండాలు పాతి, రేపు మధ్యాహ్నం ఆ ఆరు చోట్లా బాగా తడిపి ఉంచాలి. పొడి నేల ఎలాగూ తాగుతుంది. తడిసిన నేల ఎంత తాగుతుందన్నదే నాకు కావాలి. ఎవరు తడుపుతారు?"

"గీత బయట కాబట్టి నేనే," అన్నాను.

"దొంగ చేతికి తాళాలిస్తున్నారు," అన్నాడు రోలరు.

"మీ మామగారి పద్ధతేగా అది?" అన్నాడు సెక్రటరీ. "నువ్వు వెళ్ళి అతని గడ్డి తడుపుతావా? తడుపు మరి."

రోలరు డాక్టరమ్మ వైపు తిరిగి, "అమ్మా, ఒక్క చోట జానెడు తవ్వి చూడండి. చాలు," అన్నాడు.

"మ్యాచ్ రెండు వారాల్లో పెట్టుకుని గడ్డి తవ్వుతారా?" అని సెక్రటరీ కసిరాడు. రోలరు నా వైపు చూశాడు. ఆ చూపు నాకు అర్థం కాలేదు. ఓడిపోయేవాడి ఏడుపు అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళాక, నేను పైపు పట్టుకుని ఆరు జెండాల దగ్గరా తడిపాను. దారిలో మూడు చోట్లా నీళ్ళు నిలబడ్డాయి. నాకు పాట పాడాలనిపించింది. తర్వాత అటు పక్క మూల, రోలరు జన్మలో తొక్కని చోట, మిగతా మూడూ తడిపాను. అయిదు నిమిషాలు బాగానే దిగాయి. ఆరో నిమిషానికి నీళ్ళు పైకొచ్చాయి. గడ్డి మొదళ్ళలో చేరి అలాగే నిలబడ్డాయి.

పైపు కట్టేసి కాసేపు చూశాను. దిగలేదు. షెడ్డుకి వెళ్ళి మట్టి తీసే గొట్టం తెచ్చి, నేలలో గుచ్చి పైకి లాగాను. గొట్టంలో పైన నాలుగు వేళ్ళ మందం గరుకు ఇసుక, నీళ్ళోడుతోంది. అడుగున మామగారి కాలం నాటి ఇసుక, దాదాపు పొడిగా ఉంది. రెండింటి మధ్య వేలెడు మందాన నల్లటి పట్టీ. ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్ళిన గుడ్ల కంపు. వేళ్ళతో చిదిమితే మెత్తగా, పిండిలా.

వాసన చూడగానే ఆ ఏడాది గుర్తొచ్చింది. చేతులు వెనక్కి కట్టుకుని నడిచిన వారం గుర్తొచ్చింది.

నీళ్ళు ఆ పిండి పొర దాకా వస్తున్నాయి, అక్కడ ఆగిపోతున్నాయి. ఏళ్ళ తరబడి ఆగి ఆగి ఆ పొర కుళ్ళి నల్లబడింది. రోలరు దారి ఒక్కటే కాదు, మైదానం మొత్తం మూత పెట్టినట్టుంది. ఆ మూత పెట్టింది నేను. "జానెడు తవ్వి చూడండి" అని అతనెందుకన్నాడో అప్పుడు తెలిసింది. వాడికి ముందే తెలుసు! ఆరేళ్ళ కిందటే తెలుసు, తెలిసీ నోరెత్తలేదు. నేను గోతిలో పడేదాకా చూస్తూ కూర్చున్నాడు. నా తప్పు బయటపడిందన్న సిగ్గు ఒక క్షణమే. ఆ వెంటనే అతని మీద కోపం ముంచుకొచ్చింది. నన్నిలా చూసి నవ్వుకోవడానికా వాడు ఆరేళ్ళు ఆగింది?

అప్పుడే వెళ్ళి చెప్పేసి ఉండాల్సింది. ఆ సంగతి నాకూ తెలుసు. నేను షెడ్డుకి వెళ్ళి నేలకి చిల్లులు పొడిచే ఫోర్కు తెచ్చాను. నాలుగు పళ్ళది, పొడుగువి, మైదానం మొత్తానికి ఒక్కటే ఉంది. మూలలో ఉన్న మూడు జెండాల దగ్గరా, ఒక్కో చోట బారెడు గుండ్రంలో, మోకాళ్ళ మీద కూర్చుని వేలెడు వేలెడు దూరంలో నల్ల పొర కిందికి దిగేదాకా పొడిచాను. ప్రతి చిల్లులోనూ గరుకు ఇసుక నింపాను. ఆ ఇసుక కూడా అతను ఎంచిందే, షెడ్డులో మూల బస్తాల్లో ఉంది. పైన గడ్డిని వేళ్ళతో దువ్వి కప్పేశాను. మళ్ళీ నీళ్ళు పెడితే గటగటా తాగేసింది.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. దేవుడు వచ్చి సెక్రటరీకి చెప్పడు కదా అనుకుని ఇంటికి వెళ్ళాను.

"ఏంటా మోకాళ్ళకి మట్టి?" అంది మా ఆవిడ అన్నం వడ్డిస్తూ. "తడపడానికి మోకాళ్ళ మీద కూర్చోవాలా?"

"నీకెందుకే! వడ్డించు," అన్నాను.

పరీక్ష రోజు అందరూ వచ్చారు. దారిలో మూడు చోట్లా గంటకి మూడు మిల్లీమీటర్లు, నాలుగు, మూడు. మూలలో మూడు చోట్లా గంటకి అరవై దాటింది. డాక్టరమ్మ మూడోసారి స్కేలు చూసుకుని కాస్త ముఖం చిట్లించింది. "చాలా బాగా తాగుతోంది," అంది.

"మరీ బాగా తాగుతోంది," అన్నాడు రోలరు. "ఒక్కసారి తవ్వండమ్మా."

"తవ్వడం లేదు, ఏం లేదు," అన్నాడు సెక్రటరీ. "అంకెలు కనబడుతున్నాయిగా? నెలాఖరు ఆదివారానికి ఇల్లు ఖాళీ చెయ్యి."

ఆ రెండు వారాలూ గోడ మీద తట్లు వినబడలేదు. మా వదిన పెరట్లోకొచ్చినా తల ఎత్తలేదు. మా ఆవిడ నాతో పనికి సరిపడా మాటలే మాట్లాడింది. "అన్నం." "ఉప్పు." "తలుపు వెయ్యండి." గెలిచినవాడి ఇల్లు ఇలా ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. అయినా నేను తగ్గలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడానికి నేనేం వెర్రివాణ్ణా? తల ఎత్తుకుని తిరిగాను. సున్నం గీత నేనే తుడిచేశాను. పిచ్ మధ్యలో నిలబడి కాలితో తన్ని చూశాను.

నెలాఖరు ఆదివారమే మ్యాచ్. తెల్లవారక ముందు మొదలైన వాన తొమ్మిదింటికి ఆగింది. ఆటగాళ్ళు బస్సులోనే కూర్చున్నారు. మెట్ల మీద అతిథులు, మధ్యలో గొడుగుతో సెక్రటరీ. షెడ్డు వెనక రోలరు ఇంటి ముందు వ్యాను ఆగి ఉంది. సగం సామాను ఎక్కించారు. మంచాలు, కుర్చీలు, బట్టల పెట్టె. మా వదిన తలుపు దగ్గర ఒక్కో వస్తువూ అందిస్తోంది. మా ఆవిడ కూడా అక్కడే ఉంది, నాకు చెప్పకుండానే వెళ్ళింది.

"గంటలో ఆరిపోతుందిగా?" అన్నాడు సెక్రటరీ.

"రోలరు తొక్కి రెండు వారాలైంది సార్, చూడండి మీరే," అన్నాను. ఏం చూస్తాడని అన్నానో నాకే తెలీదు.

గంట గడిచింది. మైదానమంతా ఈ చివర నుంచి ఆ చివర దాకా వేలెడు నీళ్ళు నిలిచి తళతళలాడుతోంది. దారీ లేదు, మూలా లేదు, అంతా ఒకటే. పదిన్నరకి అతిథుల్లో ఒకాయన చెయ్యి చాపాడు. "అదేంటండీ అక్కడ?"

అటు పక్క మూలలో నీళ్ళ మధ్య మూడు గుండ్రాలు. ఒక్కోటి బారెడు. ఆకుపచ్చగా, పొడిగా, గీసినట్టు. వాటి అంచుల్లో నీళ్ళు మెల్లగా లోపలికి జారి మాయమవుతున్నాయి.

"ఏమయ్యా, ఏంటవి?" అన్నాడు సెక్రటరీ.

"అక్కడ కాస్త మెరక సార్."

"మూడూ గుండ్రంగా మెరకా? మొన్న జెండాలు పాతింది అక్కడే కదూ?"

అంతలో రోలరు పరుపు చుట్ట భుజాన పెట్టుకుని షెడ్డు పక్క నుంచి వస్తూ ఆగాడు. ఆ మూడు గుండ్రాల వైపు చూశాడు. నవ్వలేదు. పరుపు వ్యానులో పడేసి, షెడ్డు గోడకి ఆనించి ఉన్న పార తీసుకుని నీళ్ళలోకి దిగాడు.

"ఇదిగో!" అని అరిచాను. "నా నేలలో పార దించావంటే మర్యాద దక్కదు! మామగారి మాట గుర్తుందా లేదా?"

అతను వెనక్కి తిరిగాడు. "ఎందుకు లేదు? ఈ మైదానంలో పనిచేసినన్నాళ్ళూ అన్నారు మామగారు. ఇవాళ్టితో నేను ఇక్కడి మనిషిని కాదు తమ్ముడూ. నువ్వే తీయించావుగా నన్ను."

నీళ్ళలో ఒక చోట తవ్వి ఒక గడ్డ తెచ్చాడు. పొడి గుండ్రంలో తవ్వి ఇంకొకటి తెచ్చాడు. రెండూ సెక్రటరీ కాళ్ళ ముందు మెట్టు మీద పెట్టాడు. కంపుకి అతిథులు రుమాళ్ళు తీశారు.

"ఈ నల్ల పట్టీ ఆరేళ్ళ కిందటిది. గోడలకి పూసే ఇసుక. నా మీద కోపంతో తెచ్చి మైదానమంతా చల్లాడు. నా రోలరు పైన తొక్కిందేమో గానీ, కింద ఊపిరాడకుండా చేసింది ఇది," అన్నాడు. రెండో గడ్డ పక్కకి తిప్పి పెట్టాడు. నల్ల పట్టీని చీల్చుకుంటూ నిలువునా తెల్లటి ఇసుక గీతలు, వరసగా. "ఇది జెండా చోటుది. లెక్కపెట్టుకోండి, నాలుగేసి ఉన్నాయి. నాలుగు పళ్ళ ఫోర్కు ఇక్కడ ఎవరిదో అడగండి."

సెక్రటరీ గొడుగు మూశాడు. "అవునా? కాదా?"

కాదనడానికే నోరు తెరిచాను. నా బుర్రలో అప్పటికే రెండు అబద్ధాలు తయారుగా ఉన్నాయి, రెండూ బాగానే ఉన్నాయి. అంతలో మా ఆవిడ వచ్చింది, చేతిలో వాళ్ళక్క గిన్నెల బుట్టతో.

"ఆ రోజు మోకాళ్ళకి మట్టేంటని అడిగాను," అంది. "నీకెందుకే అన్నారు. నాకెందుకో ఇప్పుడు చెప్పండి."

అందరూ చూస్తున్నారు. మా వదిన కూడా తలుపు దగ్గర నుంచి తల ఎత్తి చూసింది, రెండు వారాల్లో మొదటిసారి.

"అవును," అన్నాను.

సెక్రటరీ రోలరు వైపు చూసి "నువ్వుండు," అన్నాడు. నా వైపు చూడకుండానే "నువ్వు ఖాళీ చెయ్యి. అతనికి ఏ గడువు ఇచ్చానో నీకూ అదే. ఇవాళే," అన్నాడు. అతిథుల్ని తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

వ్యాను డ్రైవరు తల గోక్కుంటూ వచ్చాడు. "సగం ఎక్కించేశాం కదండీ. ఇప్పుడు దింపాలా? దింపితే మరి ఎవరి సామాను ఎక్కించాలి?"



"మాది," అంది మా ఆవిడ.

గిన్నెల బుట్ట తీసుకెళ్ళి వాళ్ళక్క గడప లోపల పెట్టింది. తర్వాత మా వాటాలోకి వెళ్ళి మా పరుపు చుట్టుకుని బయటికొచ్చింది. వాళ్ళ మంచం దింపిన చోట మా మంచం ఎక్కింది. గుమ్మాల ముందు అక్కాచెల్లెళ్ళిద్దరూ ఎదురెదురుగా నడుస్తున్నారు, ఒకరు లోపలికి మోస్తూ, ఒకరు బయటికి మోస్తూ. ఏడుస్తున్నారు, కానీ ఇద్దరూ ఆగలేదు. నేను సాయానికి వెళ్తే మా ఆవిడ కుర్చీ నా చేతిలోంచి లాక్కుంది.

ఇప్పటికీ ఆ మనిషంటే నాకు పడదు. ముందే తెలిసి ఆరేళ్ళు నోరు మూసుకున్నవాడు నాకంటే గొప్పవాడేం కాదు. ఈ మాట ఎవరి ముందైనా అంటాను. కానీ ఆ రోజు నేను షెడ్డులో నా పనిముట్లు సర్దుకుంటుంటే అతను గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. గాడిద అంటాడనుకున్నాను, గంధపుచెక్క అంటాడనుకున్నాను. కనీసం "తమ్ముడూ" అంటాడని చూశాను. అంటే తిరిగి తిట్టడానికి మాటలు సిద్ధం చేసుకుని ఉన్నాను.

"ఇదిగో," అన్నాడు. "ఆ ఫోర్కు అక్కడ పెట్టి వెళ్ళు."

పెట్టాను. అతను అది తీసుకుని నీళ్ళలోకి నడిచి, మొదటి పొడి గుండ్రం పక్కన ఆగి, పొడవడం మొదలుపెట్టాడు.